సీసపు తెలుపు, కాగితపు తెలుపు

జపాను చెక్క అచ్చు చిత్రాలను గురించిన పుస్తకాలలో తరచుగా ఎదురయ్యే ముఖం ఒకటి ఉంది. తలకు ఊదారంగు పట్టీ కట్టుకున్న ఒక గృహిణి అందులో కనిపిస్తుంది. సన్నని కళ్ళు, కొంచెం బరువెక్కిన దవడ, ముడుచుకున్న చిన్న నోరు. పాత్ర పేరు ఒషిజు. 1794లో ఎడో నగరంలోని మియాకొ-జా నాటకశాలలో ఆడిన ఒక ప్రతీకార కథలో ఆమె తనబె బున్‌జో అనే వాని భార్య. ఆ ఊదా పట్టీ కబుకి రంగస్థలం మీద రోగానికి గుర్తు. చిత్రకారుడు షరాకు. చిత్రంలో ఉన్నది మాత్రం స్త్రీ కాదు. ఆయన మూడవ సెగవ కికునొజో, నలభై దాటిన పురుషుడు, ఆనాటి స్త్రీ పాత్రధారులలో అగ్రగణ్యుడు.

ఆ ముఖం తెల్లగా ఉంటుంది. అయితే ఆ తెలుపు రంగు వేసి తెచ్చినది కాదు. వెనుక నేలకు ముదురు అభ్రకపు పొడి అద్దారు, జుట్టుకు నలుపు, దుస్తులకు తక్కిన రంగులు అచ్చు వేశారు. ముఖాన్ని మాత్రం సన్నని గీతలతో చుట్టి, లోపల కాగితాన్ని కాగితంగానే వదిలేశారు. రంగస్థలం మీద నటుని ముఖాన ఉండే తెలుపు కథ వేరు. అది నీటిలో కలిపి చదునైన కుంచెతో నుదుటి నుండి మెడ వెనుక వరకు పూసుకునే పొడి. ఆ కాలంలో దానికి ప్రధాన పదార్థం సీసం. చిత్రంలో ఖాళీగా మిగిలిన చోటే దేహం మీద అన్నిటికంటె బరువైన చోటు. ఈ రెండు తెలుపుల మధ్య దూరాన్ని కొలవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా, పురుషుడు స్త్రీగా ఎందుకు నిలబడవలసి వచ్చిందో చెప్పుకోవాలి. కబుకిని పుట్టించినది ఒక స్త్రీ. 1603 ప్రాంతంలో ఒకుని అనే నర్తకి క్యోటోలో తన బృందంతో ఆడిన ఆటలు దానికి మొదలు. ఆ ఆటలు వేశ్యావృత్తితో ముడిపడ్డాయని, శాంతిభద్రతలు చెడుతున్నాయని షోగునుల ప్రభుత్వం 1629లో స్త్రీలను రంగస్థలం నుండి నిషేధించింది. వారి స్థానంలోకి కౌమారంలో ఉన్న బాలురు వచ్చారు. వారి కోసమూ అవే తగవులు రేగడంతో 1652లో వారినీ నిషేధించారు. ఆపైన నటించాలంటే వయసు వచ్చిన పురుషుడై ఉండాలి, ముంగురులు గొరిగించుకొని ఉండాలి. అందం తగ్గితే ఆకర్షణ తగ్గుతుందని అధికారుల లెక్క.

నటులు ఆ లెక్కను తప్పించారు. గొరిగిన నుదుటి పైభాగాన్ని ఊదారంగు పట్టుగుడ్డతో కప్పుకున్నారు. పాత చిత్రాలలో స్త్రీ వేషం ముందుతల మీద కనిపించే ఆ చిన్న ఊదా ముక్క వట్టి అలంకారం కాదు. ఒక ప్రభుత్వ ఉత్తర్వు చేసిన గాయం మీద కట్టిన కట్టు. అది కాలక్రమంలో అందానికే చిహ్నమైంది. నిషేధం నుండి పుట్టిన ఈ స్త్రీ పాత్రధారిని జపానులో ‘ఒన్నగత’ అంటారు. కూచిపూడి సత్యభామను ఎరిగిన తెలుగువారికి ఈ సంగతి వింతగా తోచదు.

ఒన్నగత కళకు శాస్త్రం వంటిది చెప్పినవాడు మొదటి యొషిజవ అయమె. 1673లో పుట్టి 1729లో మరణించిన ఈ నటుని మాటలను తరువాతివారు కూర్చగా, అవి 1776లో ‘యకుషా రోంగొ’ అనే సంకలనంలో భాగంగా అచ్చయ్యాయి. చార్లెస్ డన్, బున్‌జో తొరిగొయె కలిసి చేసిన దాని ఆంగ్లానువాదం 1969లో వచ్చింది. నటులు తమ వృత్తిని గురించి తామే మాట్లాడుకున్న అరుదైన పుస్తకమిది. నాటకరంగంతో పరిచయం లేనివారు కూడా ఆసక్తితో చదవగలరు. అయమె బోధ సారాంశం ఇంతే: ఒన్నగత వేదిక దిగిన తరువాత కూడా స్త్రీగానే మెలగాలి, నిత్యజీవితంలో స్త్రీ కానివాడు వేదిక మీద స్త్రీ కాలేడు. మొదట చదివినప్పుడు దీనిని కళానిష్ఠగానే గ్రహించాను. తరువాత వేరొక ఆలోచన వచ్చింది. వేషం వేదికతో ముగియకూడదన్నప్పుడు, ఆ వేషంలో ఉన్న పదార్థాలతో సహవాసం కూడా జీవితమంతటిది అవుతుంది కదా.

ఇక చిత్రాలు. నటుల చిత్రాలను ఎడోలో మొదట తమ సొంతం చేసుకున్నది తొరీ వంశం. ఆ వంశపు తొలి చిత్రకారుడు కియొనొబు కాలంలో బొమ్మలు నలుపు గీతలతో అచ్చయ్యేవి, రంగులు చేతితో అద్దేవారు. ముఖాలన్నీ దాదాపు ఒక్కటిగానే ఉండేవి. నటుడెవరో దుస్తుల మీది కుటుంబ చిహ్నాన్ని బట్టి గుర్తుపట్టాలి. 1765లో సుజుకి హరునొబు చేతి మీదుగా బహువర్ణ ముద్రణ స్థిరపడింది. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క చెక్క దిమ్మె. చిత్రకారుడు గీసి ఇస్తే, చెక్కేవాడు అడవి చెర్రీ చెక్క మీద వెంట్రుకంత గీతలు తీసేవాడు, అచ్చువేసేవాడు రంగు తరువాత రంగు అద్దేవాడు, వీరందరికీ పెట్టుబడి పెట్టి ప్రచురణకర్త అమ్మేవాడు. 1770లో కత్సుకవ షున్‌షో, ఇప్పిత్సుసై బుంచో కలిసి వెలువరించిన నటుల చిత్ర సంపుటిలో మొదటిసారిగా ముఖాన్ని బట్టి మనిషిని పోల్చుకోగలిగే స్థితి వచ్చింది. అప్పటినుండి అభిమాని కొనుక్కున్నది పాత్రను మాత్రమే కాదు, ఆ పాత్రలో ఉన్న ఫలానా మనిషిని.

ఈ పోలికను చివరి మెట్టు దాకా తీసుకుపోయినవాడు షరాకు. 1794 వేసవిలో ప్రచురణకర్త త్సుతయ జూజబురొ ఒక్కసారిగా ఇరవై ఎనిమిది పెద్ద ముఖచిత్రాలను విడుదల చేశాడు. పది నెలలలో నూట నలభైకి పైగా చిత్రాలు వచ్చాయి. ఆ తరువాత షరాకు పేరుతో మరొకటి రాలేదు. అతని ఒన్నగతలను చూడండి. నాలుగవ ఇవై హన్షిరొ గుండ్రని బుగ్గల దాది. రెండవ సెగవ తొమిసబురొ కోల ముఖం, కొంచెం కటువైన చూపు. స్త్రీ దుస్తుల నుండి, స్త్రీ కేశాలంకారం నుండి నడివయసు పురుషుడు తొంగి చూస్తూనే ఉంటాడు. మరీ ఉన్నది ఉన్నట్టుగా గీయబోయి అతడు ఎక్కువ కాలం నిలవలేదని ఆనాటి రచయిత ఓత నంపొ అభిప్రాయపడ్డాడు. అదే సమయంలో ఉతగవ తొయొకుని నటులను సొగసుగా, అభిమానుల మనసులో ఉన్నట్టుగా గీసి మార్కెట్టును గెలిచాడు. తరువాతి అర్ధ శతాబ్దం అతని శిష్య పరంపరదే.

ఒన్నగత చిత్రాలు కొన్నది మగవారే కాదు, స్త్రీలు కూడా. ఈ చరిత్రలో ముఖ్యమైన మలుపు ఇదే. స్త్రీలు లేని రంగస్థలం నుండి పురుషులు నేర్పిన స్త్రీత్వాన్ని నగరంలోని స్త్రీలు ఇంటికి తెచ్చుకున్నారు. 18వ శతాబ్దపు మధ్యలో మొదటి సనొగవ ఇచిమత్సు కట్టిన గళ్ళ నమూనా దుస్తులు ఎంత ప్రచారం పొందాయంటే, ఆ నమూనాకు ఈనాటికీ ‘ఇచిమత్సు’ అనే పేరు. టోక్యో ఒలింపిక్స్ చిహ్నంలో అందరూ చూసిన నీలిగళ్ళు దాని వారసులే. రెండవ కికునొజో ధరించిన ఒక గోధుమవన్నెకు ఆయన కవితానామం మీదుగా ‘రొకొ-చ’ అని పేరు వచ్చింది. ఆయన తరువాతి కికునొజో, అంటే షరాకు గీసిన ఒషిజు, కవితానామం ‘సెన్‌జో’. ఆ పేరుతో ‘బియెన్ సెన్‌జోకో’ అనే ముఖానికి పూసే తెల్ల పొడి ఎడోలోని ఒక దుకాణంలో వెలిసింది. 19వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో కైసై ఐసెన్ వంటివారు గీసిన అందగత్తెల చిత్రాలలో ఆ పొడి పొట్లం, దాని పేరు స్పష్టంగా కనబడేటట్లు అమరి ఉంటాయి. నేటి భాషలో చెప్పాలంటే అవి వ్యాపార ప్రకటనలు. నటుడు పూసుకున్నాడు, చిత్రం దానిని చాటింది, స్త్రీలు కొన్నారు.

వారు కొన్నదేమిటి? పాత జపానులో ముఖానికి పూసే తెల్ల పొడులు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి పాదరసంతో చేసినది, ఇసె ప్రాంతం దానికి ప్రసిద్ధి. మా పాఠ్యపుస్తకాలలో కాలొమెల్ అని ఉండే పదార్థమే అది. రెండవది సీసంతో చేసినది, అంటే సీసపు తెలుపు. చర్మానికి బాగా పట్టుకోవడం, పలుచగా పరచుకోవడం, చవకగా దొరకడం అనే గుణాల వల్ల ఎడో కాలంలో సీసానిదే పైచేయి అయింది. మామూలు గృహిణి పలుచగా పూసుకుంటే, కొవ్వొత్తుల మసక వెలుగులో దూరాన కూర్చున్న ప్రేక్షకునికి కనిపించవలసిన ఒన్నగత దట్టంగా, మెడ మీద, భుజాల మీద, చేతుల మీద, సంవత్సరాల తరబడి, రోజుకు ఒకటికంటె ఎక్కువ సార్లు కూడా పూసుకున్నాడు. ఇటువంటి సీసం చర్మం గుండా పెద్దగా ఇంకదు. పెదవుల మీదుగా నోటిలోకి, రాలిన పొడి ఊపిరితో లోపలికి పోతుంది. ఎముకలలో చేరి దశాబ్దాల పాటు నిలుస్తుంది. రక్తహీనత, మెలిపెట్టే కడుపునొప్పి, నరాలు చచ్చి మణికట్లు వేలాడిపోవడం, చివరకు మెదడు దెబ్బతినడం దాని వరుస.

ఇక్కడ నటుల చరిత్రలో అన్నిటికంటె బాధాకరమైన పేరు వస్తుంది: మూడవ సవమురా తనొసుకె. 1845లో నటుల కుటుంబంలో పుట్టాడు. పదహారేళ్ళ ప్రాయానికే నాటకశాలలో ప్రధాన స్త్రీ పాత్రధారి స్థానానికి ఎదిగాడు. 1860ల ఎడో అతని వెంట పడింది. తనొసుకె కొప్పు, తనొసుకె మెడపట్టీ, తనొసుకె చెక్క చెప్పులు అని స్త్రీలు అతని పేరు పెట్టి వస్తువులు కొన్నారు. వృద్ధుడైన కునిసద, అతని శిష్యుడు తొయొహర కునిచిక ఆ ముఖాన్ని మళ్ళీ మళ్ళీ గీశారు. ఇరవై ఏళ్ళు నిండే సరికి అతని పాదం కుళ్ళడం మొదలైంది.

1867లో యోకొహామాలో అతని కాలు తీసివేసిన వైద్యుడు జేమ్స్ కర్టిస్ హెప్బర్న్. ఈయన పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి, 1859లో మతప్రచారకునిగా జపాను చేరిన అమెరికన్. అదే 1867లో ఆయన కూర్చిన జపనీస్-ఆంగ్ల నిఘంటువు వెలువడింది. నేడు జపాను పేర్లను రోమను లిపిలో రాసే పద్ధతికి ఆయన పేరే ఉంది. భాషాశాస్త్రులకు తెలిసిన హెప్బర్న్, కబుకి అభిమానులకు తెలిసిన హెప్బర్న్ ఒక్కరే. మత్తుకు క్లోరోఫాం ఇచ్చారు. అమెరికా నుండి కృత్రిమ పాదం తెప్పించారు. తనొసుకె దానిని తొడుక్కొని మళ్ళీ వేదిక ఎక్కాడు.

వ్యాధి ఆగలేదు. రెండవ కాలు పోయింది. తరువాత చేతులకూ పాకింది. అయినా అతడు నటించాడు. నాటకకర్త కవతకె మొకుఅమి అతని కోసం రాశాడు. కూర్చుని చేయదగిన పాత్రలు వెతికారు. 1872లో వీడ్కోలు ప్రదర్శన ఇచ్చాడు. అప్పటికీ రంగస్థలం మీది మమకారం పోలేదు. చివరకు మతి చలించి, 1878లో ముప్పై మూడేళ్ళ వయసులో కన్నుమూశాడు.

తనొసుకెను సీసమే చంపిందని చాలాచోట్ల రాశారు. కథగా అది బాగా అమరుతుంది. కాని వైద్యునిగా నేను దానితో ఏకీభవించలేను. సీసం నరాలను, రక్తాన్ని, మెదడును పాడుచేస్తుంది; కాళ్ళు చేతులు ఒకటి వెంట ఒకటి కుళ్ళిపోవడం దాని స్వభావం కాదు. ఇరవైలలో ఉన్న పురుషునికి కాలి చివర మొదలై, రెండవ కాలికి, ఆపై చేతులకు పాకే కుళ్ళు వింటే రక్తనాళాలు మూసుకుపోయే వేరొక వ్యాధి మనసుకు వస్తుంది. లియో బర్జర్ 1908లో న్యూయార్కులో వర్ణించిన ఆ వ్యాధి పొగాకుతో గట్టిగా ముడిపడి ఉంది. మతి చలించడంలో సీసం వాటా ఉండవచ్చు. రోగిని చూడకుండా, నూట యాభై ఏళ్ళ తరువాత ఇంతకంటె ముందుకు పోకూడదు. అయినా ఈ తేడా చెప్పుకోవడం అవసరం. ప్రసిద్ధుడైన ఒక్కని విషాదానికి సీసాన్ని బాధ్యురాలిని చేసి తృప్తి పడితే, అది నిజంగా ఎవరిని చంపిందో వెతకడం మరచిపోతాము.

సీసం నిందితురాలిగా లోకం ముందు నిలబడిన రోజు వేరు. 1887 ఏప్రిల్‌లో విదేశాంగమంత్రి ఇనొఉఎ కఒరు ఇంట మెయిజీ చక్రవర్తి ఎదుట కబుకి ప్రదర్శన జరిగింది. అంతవరకు సమాజపు అంచున ఉంచబడిన నటులకు అది అపూర్వమైన గౌరవం. ‘కంజించో’ నాటకంలో యొషిత్సునె వేషం వేసిన యువ ఒన్నగత నకమురా ఫుకుసుకెకు కాళ్ళ వణుకు పట్టుకుంది, ఎంతకూ ఆగలేదు. దీర్ఘకాలిక సీస విషమని తేలింది. అతనికి అప్పుడు ఇరవై ఒక్క ఏళ్ళు. తరువాత ఐదవ ఉతఎమొన్‌గా పేరు మార్చుకొని, తన తరంలో అత్యున్నత ఒన్నగతగా 1940 వరకు జీవించాడు. వయసు మీరాక శరీరం సహకరించక, కదలకుండా కూర్చుని నటించవలసి వచ్చింది. ఆ నిశ్చలతను ప్రేక్షకులు గాంభీర్యంగా కొనియాడారు.

చక్రవర్తి ఎదుట కాళ్ళు వణికాయి కనుక వార్త పుట్టింది. సీసం లేని పొడికోసం పరిశోధనలు మొదలై, 20వ శతాబ్దపు తొలి ఏళ్ళలో అటువంటి పొడులు అంగడికి వచ్చాయి. 1900లో ప్రభుత్వం హానికర రంగుల మీద నియమావళి తెచ్చింది. అందులో సౌందర్య సాధనాలలో సీసపు తెలుపు వాడకాన్ని నిషేధిస్తూనే, ప్రస్తుతానికి దానికి మినహాయింపు ఇచ్చింది. ఆ ‘ప్రస్తుతానికి’ ముప్పై ఏళ్ళకు పైగా సాగింది.

ఆ ముప్పై ఏళ్ళలో శిశువులు చనిపోతూ వచ్చారు. పాలు తాగే పసివారికి మూర్ఛలు, వాంతులు, మెదడు వాపు లక్షణాలతో వచ్చే ఒక జబ్బు జపాను వైద్యులను చాలాకాలం వేధించింది. మెనింజైటిస్ అనుకున్నారు, కాని సూక్ష్మజీవి దొరకలేదు. 1923లో క్యోటో విశ్వవిద్యాలయపు శిశువైద్యుడు హిరై ఇకుతరొ దాని కారణం కనుగొన్నాడు: తల్లులు పూసుకున్న తెల్ల పొడిలోని సీసం. తల్లి మెడ మీద, రొమ్ము మీద ఉన్న తెలుపును బిడ్డ నాకుతూ, పీలుస్తూ పెరిగాడు. ఎదిగే మెదడుకు సీసం ఎంత స్వల్పమైనా ఎక్కువే. ఆయన ప్రకటించిన తరువాత కూడా సీసపు పొడుల అమ్మకం పూర్తిగా నిలిచినది 1930ల మధ్యకే.

ఈ వరుసను ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. ఉత్తర్వు స్త్రీలను వేదిక నుండి దింపింది. దింపిన చోట పురుషుడు ముఖానికి తెలుపు పూసుకుని స్త్రీ అయ్యాడు. చిత్రకారుడు ఆ ముఖాన్ని ఇంటింటికీ పంపాడు. ఆ ముఖంలా ఉండాలనుకున్న స్త్రీ అదే తెలుపు కొన్నది. ఆమె ఒడిలోని బిడ్డ దానికి వెల చెల్లించాడు. నటుల పేర్లు చరిత్రలో ఉన్నాయి. ఆ పసివారి పేర్లు ఏ చిత్రం మీదా లేవు.

ఇది గడిచిపోయిన కాలపు అజ్ఞానమని తీసివేయడానికి వీలులేదు. అమెరికా ఆసుపత్రులలో ఈనాటికీ దక్షిణాసియా కుటుంబాల పసిపిల్లల రక్తంలో సీసం కనిపించినప్పుడు మేము అడిగే ప్రశ్నలలో ఒకటి: ఇంట్లో సుర్మా, సిందూరం వాడతారా? అన్నిటిలో ఉండదు, కాని కొన్నిటిలో ఉంటుంది. ప్రేమతో పెట్టిన కాటుకను అనుమానించడం ఏ తల్లికీ సులభం కాదు. అడిగేవారికి కూడా కాదు. హిరై ఆ ప్రశ్న మొదటిసారి అడిగినప్పుడు అది ఎంత కష్టంగా ఉండి ఉంటుందో ఊహించవచ్చు.

ఈ చిత్రాలలో వేలకొలది బోస్టను లలితకళల ప్రదర్శనశాలలో ఉన్నాయి. వాటిలో అధిక భాగాన్ని ఇచ్చినవాడు విలియం స్టర్జిస్ బిగెలో, హార్వర్డులో చదువుకున్న వైద్యుడు. 1882లో జపాను వెళ్ళి సుమారు ఏడేళ్ళు అక్కడే ఉండిపోయాడు. అతని తండ్రి హెన్రీ జేకబ్ బిగెలో ఈథరు మత్తుతో శస్త్రచికిత్స సాధ్యమని 1846లో వైద్యలోకానికి వ్యాసరూపంలో తెలిపిన శస్త్రవైద్యుడు. ఆ వ్యాసం తరువాత ఇరవై ఒక్క ఏళ్ళకు యోకొహామాలో తనొసుకె నొప్పి తెలియకుండా తన కాలును పోగొట్టుకోగలిగాడు. తండ్రి వార్త ప్రపంచమంతటికీ చేరింది. కొడుకు సేకరించిన కాగితాలు ఇప్పటికీ మన ముందు ఉన్నాయి.

ఇకమీదట ఎక్కడైనా ఒన్నగత చిత్రం ఎదురైతే దుస్తుల పనితనాన్ని, వేళ్ళ వంపును మెచ్చుకోండి, అవి మెచ్చుకోదగినవే. ఆపైన ఒక్క క్షణం ముఖం మీద ఆగండి. అచ్చువేసేవాడు ఏమీ వేయకుండా వదిలిన ఆ చోటున కాగితం నేటికీ చాలావరకు తెల్లగానే ఉంది. దానికి ఏ హానీ జరగలేదు. హాని అంతా అది ఎవరి బొమ్మో వారికి, వారిని చూసి మురిసినవారికి జరిగింది.